నేల కింద ఏం మిగులుతోంది?

అందరికీ నమస్కారం.

నీళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "ఇంకో ఇరవై ముప్పై ఏళ్లకు నీళ్లే ఉండవట కదా!" అని. ఆ భయంలో నిజాయితీ ఉంది. కానీ అది మన చూపును తప్పు దిక్కుకు తిప్పుతోందని నా అభిప్రాయం. అందుకే ముందు దాని సంగతి తేల్చుకుందాం.

సముద్రం మీద ఎండ కాసినంత కాలం ఆవిరి లేస్తుంది, మబ్బు కడుతుంది, వాన పడుతుంది. ఆ వానను ఎవరూ వాడేసి ఖాళీ చేయలేరు. వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. ఎక్కువో తక్కువో, ముందో వెనకో వస్తుంది. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఆ రాకడ ఇంకా నిలకడ తప్పుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుకోగలదు. అందుకే కురిస్తే కుంభవృష్టి, లేకపోతే నెలల తరబడి ఎండ. సరిగ్గా ఇలాంటి కాలంలోనే మనకు నిల్వ నీళ్లు కావాలి. వాన లేని నెలలను దాటించేవి, వాన తప్పిన ఏడాదిని గట్టెక్కించేవి అవే. ప్రకృతి ఆ నీళ్లను రెండు చోట్ల దాచింది. కొండల మీద మంచుగా, నేల కింద ఊటగా. కరిగిపోతున్నవీ, ఖాళీ అవుతున్నవీ ఈ రెండే. ఇవాళ నా మాటలన్నీ వీటి చుట్టూనే ఉంటాయి. మంచు గురించి క్లుప్తంగా చెబుతాను, నేల కింది నీళ్ల గురించి కాస్త నిదానంగా మాట్లాడతాను.

హిందూకుష్, హిమాలయ పర్వతాల్లో పుట్టే పది పెద్ద నదుల పరీవాహక ప్రాంతాల్లో 165 కోట్ల మంది బతుకుతున్నారు. ఆ పర్వతాల మీద 2019లో అంతర్జాతీయ సమగ్ర పర్వతాభివృద్ధి కేంద్రం ఒక పెద్ద అంచనా నివేదిక తెచ్చింది. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి అక్కడి హిమానీనదాల్లో మూడో వంతు పోతుందని అందులో ఉంది. ఇప్పటిలాగే పొగ వదులుతూ పోతే మూడింట రెండు వంతులు పోతాయి. ఇందులో మనల్ని ఏమార్చే సంగతి ఒకటుంది. మంచు వేగంగా కరిగే మొదటి దశాబ్దాల్లో నదిలో నీళ్లు పెరుగుతాయి. కింద ఉన్నవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ పెరిగిన నీళ్లను చూసుకుని కొత్త కాలువలు తవ్వుతారు, కొత్త ఊళ్లు వెలుస్తాయి. ఆ తర్వాత ఒక హద్దు దాటాక ప్రవాహం తగ్గడం మొదలవుతుంది. ఇక అది పెరగదు. బొలీవియాలో లా పాజ్ నగరానికి దగ్గర్లో చకల్తాయా అనే హిమానీనదం ఉండేది. 5,300 మీటర్ల ఎత్తున, మనుషులు మంచు మీద జారే ఆటలాడిన చోటు. 2009 నాటికి అది పూర్తిగా కనుమరుగైంది. ఇప్పుడక్కడ మిగిలింది రాళ్లే.

ఇక నేల కిందికి దిగుదాం.

భూమ్మీద ఉన్న మొత్తం నీటిలో మంచినీళ్లు రెండున్నర శాతమే అన్న లెక్క చాలామందికి తెలుసు. దాని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. ఆ మంచినీళ్లలో మంచుగా గడ్డకట్టకుండా నీరుగానే ఉన్నదాన్ని మాత్రమే తీసుకుంటే, దాదాపు 99 శాతం నేల కిందే ఉంది. మనం బొమ్మలు గీసుకునే, పాటలు కట్టుకునే, పంపకాల కోసం కోర్టులకెక్కే నదులూ సరస్సులూ అన్నీ కలిపి మిగిలిన ఆ ఒక్క శాతంలోకి వస్తాయి. ప్రపంచంలో ఇళ్ల అవసరాలకు వాడే నీళ్లలో సగం, సేద్యానికి వాడే నీళ్లలో నాలుగో వంతు నేల కింది నుంచి వస్తున్నాయి. ఇంత పెద్ద నిల్వకు చాలా దేశాల్లో సరైన లెక్కా పత్రం లేదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

అమెరికా మధ్య భాగంలో ఎనిమిది రాష్ట్రాల కింద ఒగల్లాల అనే నీటి పొర ఉంది. అంటే సందుల్లో నీళ్లు దాచుకున్న ఇసుక, రాళ్ల పొర. అందులోని నీళ్లలో చాలా భాగం వేల ఏళ్ల కిందట కురిసిన వానలవి. ఆ మైదానాల్లో చాలాచోట్ల ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి కొత్త నీరు లోపలికి ఇంకదు. తోడేదేమో దానికి ఎన్నో రెట్లు. సౌదీ అరేబియా కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఎడారి కింద ఉన్న పురాతన జలాన్ని తోడి ఆ దేశం గోధుమ పండించింది. 1990ల మొదట్లో ప్రపంచంలోని పెద్ద గోధుమ ఎగుమతిదారుల్లో ఒకటైంది. ఒక్క నది లేని దేశం నుంచి గోధుమ ఓడలకెక్కింది! నీటి మట్టం పడిపోయాక, 2008లో ఆ కార్యక్రమాన్ని ముగించాలని ప్రభుత్వం నిర్ణయించి, 2016 నాటికి దేశీయ గోధుమ కొనుగోలు ఆపేసింది. ఆ పొరలోకి ఆ నీళ్లు మన జీవితకాలంలో తిరిగి రావు. విత్తనానికని దాచిన గింజలు వండుకు తిన్నట్టే అది. తిన్న రోజు కడుపు నిండుతుంది.

సరే, నేల కింద ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? ఒక బోరులో మట్టం చూస్తే ఆ బోరు సంగతి తెలుస్తుంది. ఒక దేశమంత ప్రాంతం సంగతి తెలియాలంటే? 2002 మార్చిలో గ్రేస్ పేరుతో రెండు జంట ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపారు. ఒకదాని వెనుక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. వాటిలో నేలను ఫొటో తీసే కెమెరా లేదు. అవి కొలిచింది తమ ఇద్దరి మధ్య దూరాన్ని, అదీ మైక్రాన్ల లెక్కన. కింద బరువు ఎక్కువగా ఉన్న చోటికి రాగానే ముందున్న ఉపగ్రహం కాస్త ముందుకు లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. నెల నెలా ఇలా భూమ్యాకర్షణ పటం గీస్తే, ఎక్కడ బరువు తగ్గుతోందో బయటపడుతుంది. నీరు బరువైనది కదా! కోట్ల టన్నుల నీరు తోడేస్తే ఆ నేల తేలికవుతుంది.

ఆ ఉపగ్రహాల లెక్కతో 2009లో మ్యాట్ రోడెల్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వాయవ్య భారతంలో, అంటే పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీ ప్రాంతంలో, 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తగ్గిపోయిందని తేల్చింది. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే సుమారు 3,850 టీఎంసీలు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఆరేళ్లలో అక్కడ పెద్ద కరువేమీ లేదు. వానలు మామూలుగానే కురిశాయి. తగ్గుదలకు కారణం తోడకమే.

2023లో ఇంకో లెక్క వచ్చింది. 1993 నుంచి 2010 వరకు ప్రపంచమంతటా తోడి చివరికి సముద్రంలోకి చేర్చిన భూగర్భ జలం సుమారు 2,15,000 కోట్ల టన్నులని అంచనా. ఇంత బరువు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేసరికి భూమి తిరిగే అక్షం దాదాపు 80 సెంటీమీటర్లు జరిగిందని ఆ శాస్త్రవేత్తలు చూపించారు. మన పంపు మోటార్లు భూమి ఇరుసును కదిపాయి.

నేను ఎప్పుడూ మర్చిపోలేని ఫొటో ఒకటుంది. కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయ, మెండోటా ఊరికి దగ్గర్లో 1977లో తీసింది. జోసెఫ్ పోలాండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉంటాడు. ఆ స్తంభానికి మూడు చోట్ల సంవత్సరాలు రాసిన పలకలు కట్టి ఉంటాయి. ఆయన పాదాల దగ్గర 1977. తల కన్నా బాగా పైన 1955. ఇంకా పైన, మెడ ఎత్తి చూడాల్సినంత ఎత్తులో 1925. ఏ ఏడాది నేల ఏ ఎత్తున ఉండేదో చెప్పే పలకలవి. యాభై ఏళ్లలో పొలాల నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఇళ్లూ రోడ్లూ పొలాలూ అన్నీ కలిసే దిగాయి.

అలా ఎందుకవుతుందో చెబుతాను. నేల లోపల ఇసుక పొరల మధ్య బంకమట్టి పొరలుంటాయి. ఆ మట్టి రేణువుల సందుల్లోని నీరు తన ఒత్తిడితో పై బరువును కొంత మోస్తూ ఉంటుంది. నీరు తోడేస్తే ఆ ఆసరా పోయి రేణువులు ఒకదానిమీద ఒకటి పరుచుకుపోతాయి. ఇసుక మళ్లీ నీరు పట్టుకోగలదు. ఒకసారి నలిగి అణిగిపోయిన బంకమట్టి మాత్రం తిరిగి పొంగదు. తర్వాత ఎంత మంచి వానలు పడినా అక్కడ నీళ్లు దాచుకునే చోటే ఉండదు. మెక్సికో నగరం, జకార్తా ఇవాళ కుంగుతున్నది ఇలాగే. చాలామంది భూగర్భ జలం తగ్గితే మంచి కాలం వచ్చినప్పుడు నింపుకోవచ్చులే అనుకుంటారు. కొన్నిచోట్ల వీలవుతుంది. కొన్నిచోట్ల పాత్రే పగిలిపోయి ఉంటుంది.

అరల్ సముద్రం గురించి మీరంతా వినే ఉంటారు. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు, 68,000 చదరపు కిలోమీటర్లు. అందులోకి వచ్చే ఆము దరియా, సిర్ దరియా నదులను 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం పత్తి పొలాలకు మళ్లించింది. మొయ్నాక్ రేవులో చేపల పడవలు ఇసుకలో కూరుకుపోయిన బొమ్మలు ప్రపంచమంతా చూసింది. చూసింది కాబట్టే స్పందన వచ్చింది. 2005లో ఉత్తర భాగానికి కోకరల్ ఆనకట్ట కట్టారు, అక్కడ నీళ్లు పెరిగాయి, చేపలు తిరిగొచ్చాయి. దక్షిణ భాగం మాత్రం దాదాపు పోయినట్టే. నేల కింద ఇలాంటి అరల్ సముద్రాలు చాలా ఎండుతున్నాయి. వాటికి తీరం లేదు, పడవ లేదు, ఫొటో లేదు. అందుకే వాటి మీద కోపం తెచ్చుకునేవాళ్లూ లేరు.

నష్టం అందరికీ ఒకేలా రాదు. మట్టం పడిపోతే ముందు ఎండేది లోతు తక్కువ బావి. అది ఎవరిదై ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. డబ్బున్నవాళ్లు ఇంకా కిందికి తవ్విస్తారు, పెద్ద మోటారు దించుతారు, దాంతో మట్టం ఇంకా పడుతుంది. 2021లో స్కాట్ జసెచ్‌కో, డెబ్రా పెరోన్ అనే ఇద్దరు పరిశోధకులు 40 దేశాల్లో 3 కోట్ల 90 లక్షల బావుల వివరాలు పోగేసి చూశారు. వాటిలో 6 నుంచి 20 శాతం బావుల అడుగు, నీటి మట్టానికి 5 మీటర్ల లోపే ఉంది. అంటే మట్టం ఇంకో నాలుగైదు మీటర్లు దిగితే లక్షల బావులు వట్టిపోతాయి. సురక్షితంగా నిర్వహించే తాగునీరు అందని వాళ్లు ప్రపంచంలో ఇప్పటికే 200 కోట్ల మందికి పైగా ఉన్నారు. తాగునీరు మానవ హక్కు అని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న తీర్మానించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, ఒక్క దేశం కూడా వ్యతిరేకించలేదు. ఆ హక్కు ఎండిన బావి దగ్గరికి ఇంకా చేరలేదు.

ఇక పరిష్కారాల సంగతి. ఉప్పునీటిని మంచినీటిగా మారిస్తే సరిపోదా అని ప్రతి సభలో ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. నీటిని పల్చటి పొర గుండా ఒత్తిడితో నెట్టి ఉప్పును వడగట్టే, ఇవాళ ఆ పనికి వాడే విద్యను 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సాధించారు. ఎన్నో తీర నగరాలు ఆ విద్య పుణ్యాన తాగుతున్నాయి. కాని లెక్క వేసి చూడండి. ఒక ఘనమీటరు సముద్రపు నీటిని మార్చడానికి మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. తాగడానికీ వండుకోవడానికీ అది పెద్ద భారం కాదు. పంటకు? కిలో గోధుమ పండడానికి ప్రపంచ సగటున సుమారు 1,800 లీటర్ల నీరు కావాలి. వాన ఏమాత్రం లేకుండా ఆ నీరంతా యంత్రం నుంచే రావాలంటే కిలోకు ఆరు యూనిట్ల కరెంటు ఖర్చు. దానికి తోడు మిగిలిపోయిన చిక్కటి ఉప్పునీటిని ఎక్కడో పారబోయాలి. సముద్రం మన దాహం తీర్చగలదేమో గానీ మన పొలం తడపలేదు.

మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ వాడడం మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచీ ఆ నీళ్లను తాగునీటిలో కలుపుతోంది. సింగపూర్ 2003లో మొదలుపెట్టింది. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని శుద్ధి చేసి పొలాలకు పంపుతోంది. ఇది ఎక్కడైనా చేయగల పని, చేయాల్సిన పని.

డ్రిప్ గురించి మాత్రం ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. డ్రిప్ మంచిదే, మొక్కకు మేలే. కానీ డ్రిప్ పెట్టగానే నేల కింద నీళ్లు మిగులుతాయని అనుకోవద్దు. పాత పద్ధతిలో కాలువలోంచీ మడిలోంచీ కారి 'వృథా' అయిన నీళ్లలో కొంత నేలలోకి ఇంకి పక్క బావిలో తేలేది. డ్రిప్ వచ్చాక అది ఆగిపోతుంది. ఆదా అయిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు సాగు చేస్తాడు. ఎవరైనా అదే చేస్తారు, అందులో తప్పేముంది? మొత్తం మీద తోడకం తగ్గదు, కొన్నిచోట్ల పెరుగుతుంది. 2018లో క్వెంటిన్ గ్రాఫ్టన్ బృందం సైన్స్ పత్రికలో ఇదే విషయాన్ని వివరంగా రాసింది. పరికరంతో పాటు హద్దు ఉండాలి. ఎంత తోడవచ్చో ముందు తేలాలి. ఆ తర్వాతే ఏ పైపు, ఏ నాజిల్ అన్నది.

హద్దు అనగానే రైతును వేలెత్తి చూపుతున్నానని అనుకోకండి. ప్రపంచంలో మనుషులు తీసుకునే మంచినీటిలో సుమారు 70 శాతం సేద్యానికి పోతుంది, నిజమే. కానీ ఆ నీళ్లు తాగేది రైతు కాదు కదా. టోనీ అలన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని పంటలో దాగి ప్రయాణించే నీరుగా చూడమన్నారు. ఆ ఆలోచనకే 2008లో స్టాక్‌హోమ్ జల బహుమతి వచ్చింది. ఒక దేశం గోధుమ దిగుమతి చేసుకుంటే ఇంకో దేశపు నేల కింది నీటిని దిగుమతి చేసుకున్నట్టే. చౌకగా అన్నం, చౌకగా బట్ట కావాలని ప్రపంచం అడిగినంత కాలం, ఆ ధరలో లేని నీటి ఖరీదును ఏదో ఒక పొర కడుతూ ఉంటుంది.

నగరాలు కూడా నేర్చుకోగలవు. 2018లో కేప్‌టౌన్ కుళాయిలు కట్టేసే రోజు దాకా వచ్చింది. ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. జనం పాటించారు, 2015తో పోలిస్తే నగర వాడకం సగానికి పైగా తగ్గింది. కానీ దీనిలో అంతగా ప్రచారం కాని ముక్క ఒకటుంది. ఆ ఫిబ్రవరిలోనే గ్రూన్‌ల్యాండ్ నీటి వాడకందార్ల సంఘంలోని రైతులు తమ జలాశయాల నుంచి 1,000 కోట్ల లీటర్లు నగరానికి వదిలారు. ఆ తర్వాత వానలు పడ్డాయి. నగరం గట్టెక్కింది.

నిరాశ పడడానికి నాకు మనసొప్పదు, దానికి కారణాలున్నాయి. జసెచ్‌కో బృందమే 2024లో 1,70,000 బావుల మట్టాలు, 1,693 నీటి పొరలు పరిశీలించింది. చాలాచోట్ల తగ్గుతోంది, 30 శాతం పొరల్లో తగ్గుదల వేగం ఈ శతాబ్దంలో ఇంకా పెరిగింది. కానీ కొన్ని పొరల్లో తగ్గుదల నెమ్మదించింది, కొన్నిటిలో మట్టం పైకి లేచింది. బ్యాంకాక్ అలాంటి చోటే. నేల కింది నీటికి రుసుము పెట్టి, తోడకానికి అనుమతులు బిగించాక అక్కడ మట్టం కోలుకుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటి. ఇందాక చెప్పిన ఒగల్లాల మీదే, కాన్సాస్ రాష్ట్రంలో వాయవ్యాన షెరిడాన్ 6 అని పిలిచే చిన్న ప్రాంతం ఉంది. మట్టం పడిపోతోందని చూసి, పిల్లలకు పొలంతో పాటు నీళ్లు కూడా మిగల్చాలని అక్కడి రైతులే కూర్చుని మాట్లాడుకున్నారు. అప్పటి వాడకంలో 20 శాతం తగ్గించుకుందామని తీర్మానించుకుని, దానికి చట్టబద్ధత ఇమ్మని రాష్ట్రాన్ని అడిగారు. 2013లో అమలు మొదలైంది. ఆ ఒప్పందంలో ఒక తెలివైన ఏర్పాటుంది. ఏడాదికి ఇంత అని కాకుండా ఐదేళ్లకు కలిపి ఎకరానికి 55 అంగుళాల లోతు నీళ్లు అన్నారు. వాన బాగా పడిన ఏడు తక్కువ వాడి, ఎండిన ఏటికి మిగుల్చుకోవచ్చు. అందరికీ మీటర్లున్నాయి. రైతులు మొక్కజొన్న కొంత తగ్గించి జొన్న, గోధుమ వేశారు. నేలలో తేమ చూసే పరికరాలు పెట్టుకుని, అవసరం లేని తడి మానేశారు. ఐదేళ్లయ్యాక చూస్తే అనుకున్న 20 శాతం కంటే ఎక్కువే తగ్గింది. దిగుబడి కాస్త తగ్గినా ఖర్చు కూడా తగ్గింది కాబట్టి రాబడి పెద్దగా పడిపోలేదని అక్కడి వ్యవసాయ ఆర్థిక నిపుణులు లెక్క తేల్చారు. గడువు ముగిసినప్పుడు రైతులు దాన్ని వదిలేయలేదు, పొడిగించమన్నారు. ఇప్పుడు చుట్టుపక్కల ప్రాంతాలూ అలాంటి ఒప్పందాలు చేసుకుంటున్నాయి.

అక్కడ మట్టం ఇంకా దిగుతూనే ఉంది, మునుపటి కన్నా చాలా నెమ్మదిగా. పూర్తిగా ఆగాలంటే ఇంకా తగ్గించాలి. ఎంత తగ్గించాలన్న లెక్క మాత్రం ఇప్పుడు వాళ్ల చేతిలో ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.